బియ్యం నిండుకుంటే

మనుషులు ఆలోచించే తీరుకు తగ్గ కంప్యూటర్ భాషను తయారుచేయడం అప్పట్లో నా ఉద్యోగం. మనుషులు ఎలా ఆలోచిస్తారో నాకు తెలుసని మా కంపెనీ ఎందుకు నమ్మిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఉద్యోగం సంగతి చెప్పిన రోజు మా ఆయన కలుపుకున్న ముద్ద చేతిలోనే పెట్టుకుని నవ్వాడు. పక్కనున్న మనిషి ఏమనుకుంటున్నాడో పదిహేనేళ్లుగా కనుక్కోలేనిదానివి, లోకానికంతటికీ భాష చేసిపెడతావా అన్నాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వారం రోజులపాటు అతనితో ఏ భాషలోనూ మాట్లాడలేదు.

కోకాపేటలో, ఔటర్ రింగు రోడ్డు వైపుకు అద్దాలు తిప్పుకున్న ఒక టవర్లో పద్నాలుగో అంతస్తు మాది. మా టీములో నలుగురం. ఇంగ్లీషు రానివాళ్లు, అంటే మోటార్లు వేసేవాళ్లు, లిఫ్టులు చూసేవాళ్లు, స్టోర్లు నడిపేవాళ్లు, తమ పనిని తామే మామూలు తెలుగులో కంప్యూటర్‌కు చెప్పుకోవాలి, అది చేసిపెట్టాలి. అదీ మా ప్రాజెక్టు. గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'మీరు అనుకున్నట్టే' అని రాయించారు. ఆ గోడకు అవతల క్యాంటీన్. కంపెనీ మాకు ఎంత విలువ ఇస్తోందో ఆ గోడను బట్టే తెలిసేది. పదకొండు గంటలకు పోపు వాసన వచ్చేది. ఆ తర్వాత మాలో ఎవరమూ భాష గురించి ఆలోచించేవాళ్లం కాదు.

మన తెలుగే కదా అని దిగాం. మొదటి నెలలోనే 'తీయి' దగ్గర ఇరుక్కున్నాం. తలుపు తీయి అంటే తెరవాలి. లైటు తీయి అంటే ఆర్పాలి. ఫోటో తీయి అంటే లేని ఫోటో పుట్టాలి. కారు తీయి అంటే బయలుదేరాలి. దానికి తోడు 'వేయి' ఒకటి. తలుపు వేస్తే మూసుకోవాలి, లైటు వేస్తే వెలగాలి. ఒకరోజు మీటింగ్ గదిలో 'లైటు వేయి' అని రాసి చూశాం. కంప్యూటర్ కాసేపు ఊరుకుని, ఈ గదిలో పన్నెండు లైట్లే ఉన్నాయి, వెయ్యిలో మిగిలినవి ఎక్కడున్నాయి అని అడిగింది. మా మేనేజర్ కొత్తగూడలో పుట్టి పెరిగినాయన. ఫ్లైఓవర్ రాకముందు అక్కడ ఏముండేదో ఇప్పటికీ వేలితో చూపిస్తారు. ఆయన తల పట్టుకుని, "మేడం, గిదేంది? మనం దానికి తెలుగు నేర్పుతున్నమా, అది మనకు నేర్పుతున్నదా? జర చెప్పుండ్రి" అన్నారు.

ఆ చిక్కుల్లోనే నేనొక నియమం రాశాను. తెలుగులో క్రియ చివర 'కొను' చేరుతుంది కదా. రాయి, రాసుకో. పెట్టు, పెట్టుకో. వండు, వండుకో. ఎవరి కోసం చేస్తున్నారన్నదే తేడా, చేసే పని ఒకటే. ఎవరి కోసమైతే కంప్యూటర్‌కేం బాధ? అందుకని 'కొను' ఏ రూపంలో కనిపించినా దాన్ని తీసి పారేసి అసలు మాటను చూడమని రాశాను. ఒక్క వరుస. ఆ దెబ్బతో మా నిఘంటువు సగానికి తగ్గింది. మేనేజర్ నాకు చప్పట్లు కొట్టించి, అందరికీ సమోసాలు తెప్పించారు. నేను రెండు తిన్నాను.

భాష తయారైంది గాని వాడే మనిషి లేరు. ఇంజనీరు కాని మనిషి ఎవరైనా సొంతంగా ప్రోగ్రాం రాసుకుని, దానితో కొన్నాళ్లు పని నడపాలనీ, తర్వాత ఒక గురువారం హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లు వచ్చి చూస్తారనీ కబురు వచ్చింది. ఆ మనిషి మాకు గోడకు అవతలే దొరికారు.

క్యాంటీన్ స్టోరు చూసుకునే ఆవిడను ఆఫీసంతా పిన్నిగారు అని పిలిచేవాళ్లు. గోదావరి వైపు మనిషి. యాభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పిల్లల పెళ్లిళ్లు అయ్యాక ఇంట్లో తోచక ఇక్కడ చేరారట. "ఆయనకూ నాకూ మాటలు నిండుకున్నాయమ్మాయ్, ఇక్కడైతే పప్పుడబ్బాలతోనైనా మాట్లాడుకోవచ్చు" అనేవారు. స్టోరు తాళంచెవిని నడుముకు దోపుకుని తిరిగేవారు. పుట్టింట్లో అమ్మ దగ్గర, అత్తింట్లో అత్తగారి దగ్గర, ఈమధ్య కోడలి దగ్గర చూసిన తాళంచెవి ఈ వయసులో, ఈ ఆఫీసులో, మొదటిసారి తన చేతికి వచ్చిందని ఒకసారి నాతో అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, తాళంచెవిని తడుముకుంటూ అన్నారు.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. స్టోరు మొత్తం కంప్యూటర్ మీదికి మారుతోంది, వచ్చే ఒకటో తారీఖు నుంచి కంప్యూటర్ తెలిసిన ఆపరేటర్ వస్తాడు, తాళంచెవి అతనికి అప్పగించాలి అని ఆవిడకు చెప్పేశారు. మా మేనేజర్ ఆ సంగతి విని, "మీరే మా భాష నేర్చుకోండ్రి పిన్నిగారు, పెద్దసార్ల ముంగట మీరే నడిపి చూపెట్టుండ్రి, తాళంచెవి ఎటు పోతదో నేను చూస్త" అని మాట ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ గీతల నోటుబుక్కు, రెండు పెన్నులు, డబ్బా నిండా జంతికలు పట్టుకుని గోడకు ఇవతలికి వచ్చారు.

అంత త్వరగా నేర్చుకున్న మనిషిని నేను చూడలేదు. ఒక్కచోటే పేచీ వచ్చింది. ప్రోగ్రామును నిలపడానికి మేం 'ఆపు' అనే మాట పెట్టాం. ఆవిడ అది రాయరు. సాయంత్రం సంచి భుజాన వేసుకుని, కంప్యూటర్ ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని 'వెళ్లొస్తాను' అని కొట్టేవారు. తెలియని మాట వస్తే ప్రశ్న వేయడం మా కంప్యూటర్‌కు నేర్పాం కాబట్టి, అది 'ఎక్కడికి?' అని అడిగేది.

"ఇదేం చోద్యమమ్మాయ్! గుమ్మం దాటబోయేవాళ్లను ఎక్కడికని అడుగుతారటండీ ఎవరైనా?" అని ఆవిడ నాకూ కంప్యూటర్‌కూ కలిపి చివాట్లు పెట్టారు. ఆ రోజు మళ్లీ కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి గాని బయలుదేరలేదు.

నాకు సిగ్గేసింది. మనుషులు అనుకున్నట్టే అని గోడ మీద రాసుకున్నాం కదా. అందుకని 'వెళ్లొస్తాను' అనే మాటను కూడా చేర్చాను. అన్నమాట నిలబెట్టుకోవాలి, వెళ్లాలి, రావాలి. ఆ మాట కొట్టగానే ప్రోగ్రాం నిలిచిపోయి, పొద్దున్న ఆరింటికి దానంతటదే మళ్లీ మొదలయ్యేటట్టు పెట్టాను. ఆవిడ సంతోషించారు. నేను అంతకంటే సంతోషించాను.

ఇక అసలు ప్రోగ్రాం. స్టోరులో బియ్యం బస్తాలు పేర్చే చెక్కబల్ల కింద తూకం యంత్రం బిగించాం. బల్ల మీద నలభై బస్తాలుంటే నిండు, రెండు లోపుకు దిగితే ఖాళీ అని అది కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఏదైనా తెప్పించాలనుకుంటే బియ్యం కొట్టుకు సందేశం పోతుంది, వాళ్లు ట్రాలీ ఆటోలో పంపుతారు. అంతవరకు మా పని. ఎప్పుడు తెప్పించాలో చెప్పడం ఆవిడ పని. మేం నలుగురం, మేనేజరూ ఆవిడ వెనక నిలబడ్డాం. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, దణ్ణం పెట్టుకుని రాశారు.

'బియ్యం నిండుకుంటే పది బస్తాలు తెప్పించు.'

ఐదుగురం చదివాం. మళ్లీ చదివాం. ఒక్క పొల్లు తప్పు లేదు. బియ్యం లేనప్పుడు బియ్యం తెప్పించమంటున్నారు, అంతకంటే తేటగా మనిషన్నవాడు చెప్పలేడు. "వాహ్! గిది భాషంటే" అన్నారు మేనేజర్. 'చదివి సరిచూసినవారు' అన్నచోట నేను సంతకం పెట్టాను. అప్పుడే సరుకు దిగింది కాబట్టి బల్ల మీద నలభై బస్తాలూ కొండలా ఉన్నాయి.

మర్నాడు పది బస్తాలు వచ్చాయి. పరీక్ష కోసం మేం తెప్పించామని పిన్నిగారు అనుకున్నారు. ఆవిడకు కావలసి తెప్పించుకున్నారని మేం అనుకున్నాం. ఆ మర్నాడు పది. పెద్దవాళ్లు వస్తున్నారు కదా, ఏదో సంతర్పణ చేస్తారు కాబోలని ఆవిడ మెట్ల పక్కన దింపించారు. క్యాంటీన్లో రోజుకు మూడు బస్తాలు ఉడుకుతాయి. ఆ మూడింటి చోట్లోకి కొత్తవి మూడు ఎక్కి బల్ల మళ్లీ నిండేది, మిగిలిన ఏడూ బయట పడేవి. మేం గోడకు ఇవతల తలుపులు వేసుకుని 'మనిషి మనసు, యంత్రం అవగాహన' అనే స్లైడ్లకు రంగులు ఎంచుకుంటున్నాం.

నాలుగో రోజుకు బస్తాలు కారిడార్లోకి వచ్చాయి. ఐదో రోజు పెద్ద మీటింగ్ గదిలోకి ఎక్కాయి. ఆ గది తలుపు మీది తెరలో ఎవరో 'తొమ్మిది నుంచి ఆరు వరకు: బియ్యం' అని బుక్ చేసి పెట్టారు. బస్తాల మీద కూర్చుని ల్యాప్‌టాప్ వాడరాదని మెయిల్ వచ్చింది. అప్పటిదాకా ఆ ఆలోచన రానివాళ్లు కూడా అది చదివి వెళ్లి కూర్చున్నారు. ధ్యానం గదిలో పెట్టిన పన్నెండు బస్తాల వల్ల మనసు కుదురుగా ఉంటోందని ఒకాయన సూచనల పెట్టెలో చీటీ వేశాడు. నేను మాత్రం స్లైడ్లలో మునిగి ఉన్నాను. కారిడార్లో బస్తాలు తప్పించుకుని నడుస్తూ, ఈ క్యాంటీన్ వాళ్లకు ఒక పద్ధతి లేదని రోజూ విసుక్కున్నాను.

ఆరో రోజు పిన్నిగారు చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చారు.

"రోజూ సాయంత్రం దాన్ని నిలిపే వెళ్తున్నానమ్మాయ్. వెళ్లొస్తాను అని కొడుతున్నాను. పొద్దున్న నేను వచ్చేసరికి అదీ వచ్చేసి ఉంటోంది. వచ్చీరాగానే పది బస్తాలు తెప్పిస్తోంది."

చెప్పి మరీ వస్తోంది పాపం, దాని తప్పేముంది? ఆవిడ వెనకే ట్రాలీ ఆటో నడిపే ఆయన చీటీ పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, ఏమన్న పెండ్లి ఉన్నదా మీ ఆఫీసుల? ఇగ ఏడ దించాలె? లిఫ్టుల గూడ జాగ లేదు" అన్నాడు. వెనక్కి తీసుకుపొమ్మన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇంట్ల దిగిన బియ్యం మల్ల బయటికి పట్కపోతరా అక్కా? మంచిగుంటదా? నేనైతే ముట్ట" అని చీటీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నేను వెళ్లి బియ్యం కొట్టుకు సందేశాలు పోయే తీగ పీకేశాను. తర్వాత ప్రోగ్రాం ముందు కూర్చున్నాను. ఒకటే వరుస. బియ్యం నిండుకుంటే పది బస్తాలు తెప్పించు. పది సార్లు చదివాను, పది సార్లూ సరిగానే ఉంది. చివరికి, ఎందుకు తెప్పించావని కంప్యూటర్‌నే అడిగాను. 'బియ్యం నిండు. అవును. తెప్పించాను' అని చెప్పింది.

కుర్చీలో వెనక్కి వాలాను. మన ఇళ్లలో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు. డబ్బా అడుగు గీరుకుంటున్నా నిండుకున్నాయనే అంటారు. లేమిని పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుందని భయం, అందుకే మాటను బోర్లించి చెప్పుకుంటాం. ఆవిడ బోర్లించి రాశారు, మేం ఐదుగురం బోర్లించే చదువుకున్నాం. ఎవరికీ తేడా తెలియలేదు. 'నిండుకుంటే'లో నా నియమం ప్రకారం 'కొను' ఊడిపోయి 'నిండితే' మిగిలింది. కంప్యూటర్ ఒక్కటే ఉన్నదున్నట్టు చదివింది. స్టోరు నిండుగా ఉన్నంతకాలం అది బియ్యం తెప్పిస్తూనే ఉంటుంది. నిజంగా గింజ లేని రోజున నోరు మూసుకుని కూర్చుంటుంది. మాకు తెలుగు బాగా రావడమే మా కొంప ముంచింది.

మధ్యాహ్నం మీటింగ్ పెట్టారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయమన్నట్టు, ఎవరి వాటా కోడు వాళ్లు చూపించి బాగానే ఉందన్నారు. నేను నా నియమం సంగతి చెప్పాను. మేనేజర్ తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"మేడం, పరేషాన్ గాకుండ్రి. మన భాషల తప్పున్నదని రాస్తే గురువారం నాడే దుకాణం బంద్. వాడిన మనిషి పొరపాటు అని ఒక లైను రాసెయ్యిండ్రి. ఆమెకు ఇంకో మాట నేర్పిద్దాం. ఆమె ఫికర్ నాకిడ్సిపెట్టుండ్రి."

రాశాను. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. 'కారణం: వినియోగదారు పదప్రయోగ దోషం' అని మంచి తెలుగులో, నా వేళ్లతో నేనే రాశాను. రెండేళ్ల పని పోతుందేమోనని భయపడ్డాను. చివరికి ఆవిడ తాళంచెవికి ఏం జరిగినా మేనేజర్ చూసుకుంటారులే అనుకున్నాను. ఆయన చూసుకోలేరని కూడా నాకు తెలుసు.

ఒక సంగతి మరిచాను. ఆఫీసులో మిగతా రిపోర్టులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఎవరి మీద ఏం రాసినా వాళ్లకు తెలియదు. మా ప్రాజెక్టులో అన్నీ తెలుగులోనే ఉండాలని నియమం పెట్టింది నేనే. మర్నాడు పిన్నిగారు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"పదప్రయోగ దోషం అంటే, నేను తెలుగు తప్పు రాశాననా అమ్మాయ్?"

నేను కంప్యూటర్ తెర వైపు చూశాను.

"ఎక్కడ తప్పిందో చెప్పు. గురువారంలోపు దిద్దుకుంటాను. వంద సార్లు రాసుకు రమ్మన్నా రాసుకొస్తాను" అన్నారు. నోటుబుక్కు కూడా తెచ్చుకున్నారు.

'అయిపోతే' అని రాస్తే సరిపోతుంది పిన్నిగారూ అన్నాను. ఆవిడ చేతిలో పెన్ను ఆగింది. బియ్యం పక్కన ఆ మాటా? అన్నారు. కంప్యూటర్‌కు తెలియదు కదండీ అన్నాను. నాకు తెలుసు కదమ్మాయ్ అన్నారు. కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ మా గుమ్మం ముందు నుంచే వెళ్లారు గాని, నాకు వెళ్లొస్తానని చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. వెళ్లి మీటింగ్ గదిలో ఒక బస్తా మీద కూర్చున్నాను.

గురువారం పెద్దవాళ్లు ముగ్గురు వచ్చారు. వాళ్లను కూర్చోబెట్టడానికి ఒక్క గదీ ఖాళీ లేదు. అందుకని స్టోరులోనే సమావేశం పెట్టారు. మెడలో ఐడీ కార్డు పట్టీలు వేలాడుతుండగా ముగ్గురూ మూడు బస్తాల మీద కూర్చుని నోటుబుక్కులు తెరిచారు. మేం ఎదురు బస్తాల మీద కూర్చున్నాం. పిన్నిగారు మాత్రం తలుపు దగ్గర నిలబడ్డారు. ముగ్గురిలో పెద్దాయన కూడా తెలుగువారే. రిపోర్టు చదివి, "సో, యూజర్ ఎర్రర్" అని పిన్నిగారి వైపు తిరిగారు.

"సింపులేనమ్మా. అయిపోతే అని టైప్ చేసెయ్యండి. ఇప్పుడే చేసి చూపించండి, మేం ఓకే చేసి వెళ్లిపోతాం."

"చేయలేనండి."

"ఏమండీ, కష్టమా?"

"కష్టం కాదండి. అన్నం పెట్టేచోట ఆ మాట అనకూడదండి. మా ఇంట్లో నలుగురం తినేచోటే నేను ఏనాడూ అనలేదు. ఇక్కడ ఆరువందల మంది తింటారు, ఇక్కడ అంటానటండీ?"

పెద్దాయన వాచీ చూసుకున్నారు. "అలాగైతే ఒకటో తారీఖు నుంచి ఆపరేటర్‌నే పెట్టుకోవాల్సి వస్తుందండీ" అన్నారు. మేనేజర్ నేల చూపులు చూశారు. పిన్నిగారు నడుము దగ్గర నుంచి తాళంచెవి తీసి, కళ్లకద్దుకుని, తూకం యంత్రం పక్కనున్న బల్ల మీద పెట్టారు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. నా మీదే. బస్తా మీద నుంచి లేచాను.

"సార్, ఒక్క మాట. చిన్నప్పుడు మీ అమ్మగారు బియ్యం నిండుకున్నాయిరా అంటే మీరు ఎక్కడికి వెళ్లేవారు?"

"కొట్టుకి" అన్నారాయన, ఆలోచించకుండా.

అన్నాక నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయారు. మేనేజర్ తల ఎత్తి, "మా అమ్మ గూడ గట్లనే అంటుండె సార్, నేను సంచి పట్కొని ఉరుకుతుంటి" అన్నారు. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీకు అర్థమైంది. నాకు అర్థమైంది. ఆటో ఆయనకు చెప్పినా అర్థమవుతుంది. అర్థం కానిది నేను చేసిన భాషకు ఒక్కదానికే. ఆవిడ తెలుగులో ఏ దోషమూ లేదు సార్. ఆ రిపోర్టులో అబద్ధం రాసింది నేను" అన్నాను. పిన్నిగారి వైపు చూసే ధైర్యం లేక, కంప్యూటర్ ముందు కూర్చుని, సమోసాలు తినిపించిన ఆ నియమాన్ని అందరి ఎదుటా తీసేశాను. తీయడమంటే తీసెయ్యడమే, ఆ ఒక్కసారికి ఎవరికీ అనుమానం రాలేదు. 'నిండుకొను' అనే మాటను విడిగా చేర్చి దాని అర్థం దానికి ఇచ్చాను. పీకేసిన తీగ మళ్లీ తగిలించాను.

పని చేస్తుందని నమ్మకమేమిటి అన్నారు పెద్దాయన. చూడాలంటే బల్ల మీద బియ్యం నిండుకోవాలి. బల్ల మీద నలభై బస్తాలున్నాయి. ఎవరూ ఏమీ అనకముందే మేనేజర్ చొక్కా చేతులు మడిచి ఒక బస్తా ఎత్తారు. తర్వాత మా టీము లేచింది. కాసేపు చూసి, హెడ్డాఫీసు వాళ్లు మెడపట్టీలు జేబుల్లో దోపుకుని తలో చెయ్యీ వేశారు. పిన్నిగారు తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చారు. "అలా ఈడ్చకండి, కుట్టు ఊడుతుంది. మూతి ఇటు పెట్టండి. మీరు వంగకండి సార్, మోకాళ్లు మడవండి" అని దారి చూపించారు. దేశంలోని ఆఫీసులన్నిటి లెక్కలూ చూసే ఆ పెద్దాయన ఆవిడ చెప్పినచోట బస్తా దించి, ఇంకో దానికి వెళ్లారు. కారిడార్లో జనం గుమిగూడి వీడియోలు తీసుకున్నారు.

బల్ల మీద ఒకే బస్తా మిగిలింది. ఆయన దాన్ని కూడా ఎత్తబోతే పిన్నిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది ఉండనివ్వండి. బియ్యం బల్లను ఉత్తిగా ఉంచకూడదండి."

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. అందరం తెర వైపు చూశాం. 'బియ్యం నిండుకున్నాయి. పది బస్తాలు తెప్పిస్తున్నాను' అని వచ్చింది. మేనేజర్ ఈల వేశారు. చెమటతో తడిసిన ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఇంతలో నా ఫోను మోగింది.

"అక్కా, మల్ల పదా?" అన్నాడు ట్రాలీ ఆటో ఆయన. "మీ ఆఫీసోల్లు బియ్యం తినుడేనా, ఇంకేమన్న పని గూడ జేస్తరా?"

ఆ పది కూడా వచ్చాయి. పెద్దాయన వెళ్లేముందు బల్ల మీది తాళంచెవి తీసి, రెండు చేతులతో పిన్నిగారికి ఇచ్చారు. ఆవిడ దాన్ని నడుముకు దోపుకున్నాక ఒకసారి తడిమి చూసుకున్నారు. నేను దగ్గరికి వెళ్లి, తప్పు చేశానండీ అన్నాను. "చేశావు" అన్నారు. నా భుజం మీది బియ్యం దుమ్ము దులిపి, "జంతికలు తిన్నావా పొద్దున?" అన్నారు.

ఆ నెలంతా పులిహోర, దద్ధ్యోజనం, పొంగలి. ఆపరేటర్ రాలేదు. మేం మాత్రం కొత్త మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాం. నిండుకోవడం ఒక్కటే అయితే సరే. 'దీపం కొండెక్కితే చెప్పు' అని ఎవరో రాస్తే, కంప్యూటర్ ఏ కొండ అని అడిగింది. నిఘంటువు మళ్లీ రెట్టింపైంది. మూడో నెలలో హెడ్డాఫీసు నుంచి పెద్దాయన ఫోన్ చేశారు. భాష చాలా బాగుందండీ, కానీ ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పిన్నిగారు కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. వారం తర్వాత మెయిల్ వచ్చింది. మా ప్రాజెక్టును సన్‌సెట్ చేస్తున్నారట. అంటే సూర్యాస్తమయం. ఇంగ్లీషులోనూ అసలు మాట ఎవరూ అనడం లేదు.

మిగతా ముగ్గురూ వేరే టీములకు వెళ్లారు. నన్ను ఏదో బ్యాంకు యాప్‌కు తెరలు చేసే చోటికి మార్చారు. గోడ మీది 'మీరు అనుకున్నట్టే' మీద తెల్ల రంగు వేయడానికి మనుషులు నిచ్చెన తెచ్చారు. నేను సంచి సర్దుకుని స్టోరుకు వెళ్లాను. మూలనున్న పాత కంప్యూటర్లో ఆవిడ రాసిన ఆ ఒక్క వరుస నడుస్తోంది. దాన్ని కదిపే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అలాగే వదిలేశారు. పిన్నిగారు కందిపప్పు చెరుగుతూ తల ఎత్తారు.

"ఏమిటమ్మాయ్, గోడ అవతల నుంచి చప్పుడే లేదు. మీ ప్రాజెక్టు ఏమైంది?"

చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకునే వచ్చాను. బడ్జెట్ అనీ, పైవాళ్ల నిర్ణయమనీ.

"నిండుకుందండీ" అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టారు. నన్ను బస్తా మీద కూర్చోబెట్టి, కంచం కడిగి తెచ్చి, వేడి అన్నంలో ముద్దపప్పు వేసి నెయ్యి పోశారు. నేను తింటుంటే కళ్లనీళ్లు కారుతున్నాయి. ఆవకాయ ఘాటు అని చెప్పాను. అన్నంలో ఆవకాయ లేదు. అయినా ఆవిడ మంచినీళ్లు ఇచ్చారు.

చెయ్యి కడుక్కుని సంచి తీసుకున్నాను.

"వెళ్లొస్తాను పిన్నిగారూ."

ఎక్కడికి అని ఆవిడ అడగలేదు.